వాకాడు టెంటులో తొమ్మిదో రీలు

ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఫిల్ము అంచును వదులుగా పట్టుకుని, కుడిచేత్తో పిడి తిప్పుతున్నాడు హెబ్రోను. ఒక చక్రం మీద నుంచి ఇంకో చక్రం మీదికి రీలు పాకుతోంది. అతని కళ్లు మాత్రం దాని మీద లేవు. గుడారం చిల్లులోంచి దిగిన ఎండపొడ మీద ఉన్నాయి. ఈ పనిలో చూపు వేళ్లది. అంచు కాస్త చిరిగినా, పాత అతుకు లేచినా వేలికి ముల్లులా తగులుతుంది. తగిలిన చోట ఆపి, బ్లేడుతో గీకి, జిగురు పూసి, రెండు కొసలూ కలిపి నొక్కిపట్టాలి. నొక్కినంతసేపూ ఊపిరి బిగపట్టడం అతని అలవాటు. ఊపిరికీ అతుక్కీ సంబంధం లేదని తెలుసు. అయినా బిగపట్టేవాడు.

ఎనిమిదో రీలు ముగించి తొమ్మిదోది ఎక్కించాడు. నాలుగు చుట్లు తిరిగాయో లేదో వేళ్లు ఆగిపోయాయి.

అంచు చిరగలేదు. అతుకూ లేవలేదు. కానీ ఫిల్మే వేరు. ఇంతవరకూ చేతిలో సాగిన ఎనిమిదీ మెత్తగా, కొత్త తాటాకులా వంగాయి. ఇది పెళుసుగా ఉంది. చుట్టుకూ చుట్టుకూ మధ్య జిగట కూడా తగిలింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కర్పూరం వాసన.

పిడి మీద నుంచి చెయ్యి తీసేసి, మొదట ఎదురుగా కొక్కేనికి వేలాడుతున్న లాంతరు వైపు చూశాడు. వెలిగించి లేదు. లేచి వెళ్లి, దాన్ని బయట పెట్టి వచ్చాడు.

అది అరవై రెండో సంవత్సరం, మాఘమాసం. ప్రమీలమ్మ టూరింగ్ టాకీసు వాకాడు ఊరి బయట, కోత కోసిన పొలాల అంచున దిగి రెండు రోజులైంది. ఆ సాయంత్రం మొదటి బొమ్మ కొత్తగా తీసిన ‘గవ్వల గుర్రం’. పిల్లల కథ. సముద్రం మీదికి పోయిన పడవ సరంగు గొంతు పోగొట్టుకుని తిరిగివస్తాడు. ఆ గొంతు సముద్రం అడుగున ఒక శంఖంలో ఉంటుంది. సరంగు కూతురు, ఒళ్లంతా గవ్వలు కుట్టిన గుర్రమెక్కి వెళ్లి దాన్ని తెస్తుంది. ఆ తీరంలో అన్నానికి మారాం చేసే పిల్ల ఉన్న ప్రతి ఇంట్లోనూ ఆ కథ వినబడేది. పన్నెండు పదమూడేళ్ల కిందట ఒకరు దాన్ని బొమ్మగా తీశారు. ఇప్పుడు ఇంకొకరు మళ్లీ తీశారు. పాతది చూసిన తల్లులు కొత్తది చూపించడానికి పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారని ప్రమీలమ్మ లెక్క.

హెబ్రోను తొమ్మిదో రీలు కొసన ఉన్న ఖాళీ ఫిల్ములో జానెడు కత్తిరించాడు. ఎనిమిదో దాని కొసన ఇంకో ముక్క. గుడారానికి దూరంగా నడిచి, గాలివాలు చూసుకుని ఇసుకలో కూర్చున్నాడు. ఎనిమిదో దాని ముక్కకు అగ్గిపుల్ల అంటించాడు. ముడుచుకుని, నల్లబడి, ఆరిపోయింది. తొమ్మిదో దానికి అంటించీ అంటించకముందే సుయ్‌మని తెల్లని మంట లేచింది. చప్పున ఇసుక కప్పాడు. ఇసుక కింద కూడా కాసేపు బుసకొట్టింది.

ఇలాంటి మంట ఇంతకుముందు ఒక్కసారే చూశాడు. అతనికి పని పట్టుబడింది సమాధానం అనే ఆపరేటరు దగ్గర. ఎవరూ నేర్పలేదు. సైకిలు షాపులో పంక్చర్లు వేసుకునే రోజుల్లో గుడారం వెనక నిలబడి చూసి చూసి నేర్చుకున్నాడు. ఒకరోజు ఇలాంటి ఫిల్మే మిషన్లో ఇరుక్కుంది. సమాధానం దాన్ని వట్టి చేతులతో లాగి అవతలికి విసిరాడు. జనం బతికారు, టాకీసు బతికింది. సమాధానం చేతులు మాత్రం మళ్లీ ఫిల్ము పట్టలేదు. అటుపైన చర్చిలో పాటల పుస్తకం పేజీ కూడా పక్కవాళ్లే తిప్పాల్సి వచ్చేది.

“ఏందన్నా, ఇసకలో గూళ్లు కడతుండావా?” అంటూ వచ్చాడు హజరత్తయ్య. ఫిల్ము పెట్టెతో పాటు ఊరూరూ తిరిగే కంపెనీ మనిషి.

హెబ్రోను డబ్బా మూత చూపించాడు. “డబ్బాలకు ఆముదం పూసినావా?”

“పూసినా. సముద్రపు గాలికి మూతలు తుప్పుబట్టి బిగుసుకుపోతాయి గదా. పోయినసారి ఉలి పెట్టి పగలగొట్టినాం. అందుకే గూడూరు లాడ్జి వరండాలో అన్నీ పరిచి శుభ్రంగా పూసినా.”

“అన్నీ అంటే?”

హజరత్తయ్య ముఖంలో నవ్వు తగ్గింది. “పాత బొమ్మ పెట్టె గూడా ఆడనే ఉన్నింది. మద్రాసుకు తిరిగిపోవాల్సింది. దానికీ పూసినా.”

రెండు పెట్టెల మీదా అదే పేరు. రెండింట్లోనూ డబ్బాల మీద సుద్దతో అవే అంకెలు. మూతలు తీసి, ఆముదం పూసి, ఏ మూత దేనికి పెట్టాడో అతనికే తెలియదు. కొత్త బొమ్మ తొమ్మిదో రీలు గూడూరు లాడ్జిలో ఉండిపోయింది. పాత బొమ్మ తొమ్మిదో రీలు వాకాడు వచ్చింది. గూడూరుకు బస్సులో మనిషిని పంపినా, అతను తిరిగివచ్చేది మర్నాటి మొదటి బస్సుకే.

హజరత్తయ్య కాసేపు తలగోక్కున్నాడు. “అయితే ఏం పోయిందన్నా? కథ అదే గదా. పిల్లా అదే, గుర్రమూ అదే. ఆడించెయ్. ఒక్క రీలే.”

“ఇది కాలే ఫిల్ము.”

“పాత ఆపరేటర్లంతా దీన్నే ఆడించలా?”

“ఆడించినారు. రేకుల గదిలో. నా గది తాటాకు, గోనెపట్టా. పైగా ఇది ముడుచుకుపోయింది. మిషను పళ్లకు పట్టదు. ఆగిందంటే ఆ వెలుగు కింద అంటుకునేదానికి రెప్పపాటు చాలు.”

మాటలు విని ప్రమీలమ్మ వచ్చింది. భర్త పోయాక టాకీసును తనే నడుపుతున్న మనిషి. అంతకు ముందు మకాంలో బొమ్మ మధ్యలో తెగిపోతే జనం గుడారం చీల్చి బెంచీలు ఎత్తుకుపోయారు. ఆ చిరుగులకు వేసిన మాసికలు ఆమె తల వెనకే, ఎండలో తెల్లగా కనబడుతున్నాయి.

“సాగదీయకుండా చెప్పు, హెబ్రోనూ. ఆపితే ఏమైతది? ఆడిస్తే ఏమైతది?”

“ఆపితే టెంటు చించుతారు. ఆడిస్తే కాలొచ్చు. కాలకపోవచ్చు గూడా.”

“కాలితే?”

“పిల్లలు ముందు ఇసకలో కూర్చుంటారు. దారి వెనక ఉండాది.”

ప్రమీలమ్మ గుడారం చుట్టూ ఒకసారి చూసింది. “చిరిగితే కుట్టుకుంటాం” అంది. మళ్లీ తనే అంది: “ఇంకోసారి చిరిగితే కుట్టేదానికి గుడ్డ మిగలదు. అది గూడా గుర్తుపెట్టుకో.”

అంటే పని అతని మీద పెట్టి వెళ్లిపోయిందన్నమాట. ఆ రీలు ఆడకూడదు. ఆట ఆగకూడదు.

హెబ్రోను చెట్టునీడన చేతిలోతు గుంట తవ్వి, డబ్బాను తడిగోనెలో చుట్టి పాతిపెట్టాడు. తడి ఆ మంటను ఆర్పలేదు. చల్లగా ఉంచుతుంది, అంతే. పాతే ముందు మాత్రం రెండు గజాల ఫిల్మును ఎండకెత్తి చూశాడు. పాత బొమ్మ అతనికి బాగా గుర్తు. ఇక్కడ గుర్రం నిజం గుర్రమే. గవ్వలు కుట్టిన గుడ్డ కప్పిన ఆడగుర్రం. బరువుకు దాని నడుము కాస్త దిగింది. సముద్రపు రాక్షసుడితో కొట్లాటలో గవ్వలు ఒక్కొక్కటే రాలిపోతాయి. ఎన్ని రోజులు కుట్టి ఉంటారో అనుకున్నాడు.

కొత్త బొమ్మ తొమ్మిదో రీల్లో ఏముందో ఎవరికీ తెలియదు. అతనింకా ఆడించలేదు. హజరత్తయ్యను అడిగితే, “నేను బొమ్మెక్కడ చూస్తానన్నా? గేటు చూస్తా” అన్నాడు.

అందుకని ఎనిమిదో రీలు చివరనూ, పదో రీలు మొదటనూ ఎండకు పట్టుకుని పక్కపక్కనే చూశాడు. ఎనిమిది చివర కొయ్యగుర్రం ఒకటి, ఒళ్లంతా గవ్వలతో, పిల్లనెక్కించుకుని నీళ్లలోకి దిగుతోంది. పది మొదట అదే గుర్రం ఒడ్డున పడి ఉంది. ఒంటి మీద ఒక్క గవ్వ లేదు. సరంగు నోరు తెరిచి కూతుర్ని పిలుస్తున్నాడు. అంటే గొంతు వచ్చేసింది. గుర్రానికి దెబ్బలు లేవు, కాళ్లు విరగలేదు. కాబట్టి కొట్లాట జరగలేదు. మరి గవ్వలెలా పోయాయి?

భూతద్దం తీసి ఫిల్మును మళ్లీ చూశాడు. పిల్ల పిడికిలిలోంచి ఏదో వేలాడుతోంది. సన్నగా, పొడుగ్గా. దారం.

అప్పుడు మైకు జ్ఞానప్రకాశాన్ని పిలిచి, తన ఊహ చెప్పాడు. సాయంత్రం ఊరంతా వినబడేలా బొమ్మ గురించి కేకలేసి, విశ్రాంతిలో సోడాలు అమ్మే మనిషి. పనికన్నా మాటెక్కువని హెబ్రోను అతనితో పెద్దగా కలిసేవాడు కాదు.

“నేను అద్దాల మీద బొమ్మలు గీస్తా. తెర మీద ఒక్కోటి పడతది. నువ్వు కథ చెప్పాల.”

“నేనా? కోటలో రాణి, తోటలో దొంగ అని చెప్పమంటే చెప్తా గానీ...”

“ఒక్కో అద్దం కొంచెంసేపే ఉంటది. ఆ వేడికి పగులుతుంది. నేను గంట కొడితే మాట ముగించి ఇంకోదానికి రావాల.”

“పగిలితే?”

“పగలనీకు.”

అద్దాలు కొత్తవి లేవు. విశ్రాంతిలో వేసే ప్రకటనల అద్దాలున్నాయి. సోడా కంపెనీ, బట్టలకొట్టు, రైసుమిల్లు. హెబ్రోను వాటిని బూడిదతో తోమి కడిగాడు. కిరసనాయిలు బుడ్డి పొగకు పట్టి నల్లగా మసి పట్టించాడు. గ్రామఫోను ముల్లుతో మసి మీద గీత గీశాడు. గీత పడ్డచోట వెలుగు దాటుతుంది. పిల్ల. గుర్రం. అల. శంఖం. దారం. మసి చెదరకుండా పైన ఇంకో అద్దం పెట్టి, అంచుల చుట్టూ కాగితం అంటించాడు. మైదా జిగురు ఆరేదాకా హజరత్తయ్య ఒక్కో అద్దాన్నీ రెండు వేళ్లతో పట్టుకుని ఎండలో నిలబడ్డాడు. ఆముదం సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

పొద్దు వాలేసరికి గుడారం నిండింది. ముందు ఇసుకలో చేపల వేట చేసుకునే పల్లెకారు ఇళ్ల ఆడవాళ్లు, పిల్లలు. వాళ్లందరిలోకీ పెద్ద నోరు మస్తానమ్మది. వెనక బెంచీల మీద రైతులు. ఆట మొదలు కాకముందే వాదన మొదలైంది.

“పాత దాంట్లో గుర్రం నిజంది మే. వాసనొచ్చినంత పనైంది!”

“నీ ముక్కే నిజం గుర్రందిలే.”

“ఇది ఉత్త కొయ్యంట గదా. కొయ్య ఎక్కి యాడికి పోతదంట?”

యంత్రం గదిలో హెబ్రోను మిషను దీపంలోని కార్బను పుల్లలు రెండూ దగ్గరికి జరిపాడు. వెలుగు చిటపటలాడి నిలిచింది. “దేవా, తెగనీకు” అన్నాడు. అతనికి వచ్చిన ప్రార్థన అంతే. మిషను కదిలింది.

ఒకే మిషను గనుక మధ్యమధ్యన రీళ్లు మార్చడానికి ఆట ఆగడం జనానికి అలవాటే. ఎనిమిది రీళ్లూ జారిపోయాయి. కొయ్యగుర్రం కదిలితే పిల్లలు అరిచారు. అది నీళ్లలోకి దిగింది. తెర తెల్లబడింది. సోడా బుడ్లు కొట్టుకున్నాయి.

మైకు గరగరలాడింది. “అయ్యలారా, అమ్మలారా. అబద్ధం చెప్పొద్దన్నారు మా ప్రమీలమ్మగారు. తొమ్మిదో రీలు రాలేదు...”

మిగతా మాట ఎవరికీ వినబడలేదు. బెంచీలు కిర్రుమన్నాయి. ఎవరో ఈల వేశారు. “మోసం రోవ్!” అని వెనక నుంచి కేక. గుడారం పక్కగోడ ఒకచోట లోపలికి ఉబ్బింది. ఎవరో తాడు పట్టి లాగుతున్నారు. ఆ చోటే పెద్ద మాసిక ఉంది. మాసిక అంచున కుట్టు ఒకటి టక్కున తెగడం యంత్రం గదిలోకే వినబడింది.

“రాలేదంటే రాలేదా!” జ్ఞానప్రకాశం గొంతు పెంచాడు. “వచ్చింది అగ్గిపుల్ల లాంటి రీలు. మీ బిడ్డల ముందర అది వెలిగించం అన్నాడు మా ఆపరేటరు. కావాలంటే మీరే చెప్పండి, వెలిగించమంటారా?”

గొడవ ఆగలేదు గానీ తాడు లాగే చెయ్యి ఆగింది. హెబ్రోను అదే అదనుగా మొదటి అద్దాన్ని వెలుగులోకి తోశాడు.

నల్లని తెర మీద తెల్లని గీతలతో సముద్రం. గుర్రం. గుర్రం మీద పిల్ల. అలల కిందుగా, ఒక మూలన, కడిగినా పోని అక్షరాలు: రైసుమిల్లు.

మస్తానమ్మ, “ఏందబ్బా, సముద్రంలో రైసుమిల్లు పెట్టినారే!” అంది. గుడారమంతా గొల్లుమంది.

“చేపలకు ధాన్యం దంచొద్దా అక్కా?” అన్నాడు జ్ఞానప్రకాశం. ఆ నవ్వు తగ్గకముందే కథలోకి దిగాడు. “గుర్రం దిగతా ఉంది. నీళ్లు ముందు పచ్చగా, తర్వాత నీలంగా, ఆ తర్వాత ఇంక రంగే లేదు...”

హెబ్రోను చూపు తెర మీద లేదు. అద్దం అంచున ఉంది. మసి మెల్లగా మెరుస్తోంది. గంట కొట్టాడు. రెండో అద్దం. మళ్లీ గంట. జ్ఞానప్రకాశం వాక్యం సరిగ్గా గంట దగ్గర ముగుస్తోంది. మాటకు కూడా కొలత ఉంటుందని హెబ్రోనుకు అప్పుడే తెలిసింది.

మూడో అద్దం శంఖం. అది పడగానే మస్తానమ్మ లేచి నిలబడింది. ఆమె నీడ తెర అడుగున పడింది. “రాక్షసుడేడి? పాత బొమ్మలో ఈడ రాక్షసుడు రావాల. గుర్రం కొట్లాడాల. మాకు తెలీదనుకున్నావా? కథ తినేస్తుండారు!”

“అవును! రాక్షసుడేడి?” అని బెంచీలు అందుకున్నాయి. మాసిక ఉన్న గోడ మళ్లీ కదిలింది.

జ్ఞానప్రకాశం యంత్రం గది చిల్లు వైపు చూశాడు. హెబ్రోను అద్దం మార్చలేకపోయాడు. మారిస్తే చెప్పే మాటకు పొంతన తప్పుతుంది. మార్చకపోతే అద్దం పగులుతుంది. టిక్‌మంది. శంఖం నడినెత్తి నుంచి కిందిదాకా తెల్లని పగులు.

“అదిగో మెరుపు!” అన్నాడు జ్ఞానప్రకాశం. “శంఖం పగిలింది, సరంగు గొంతు లోపల వినబడింది! కానీ మస్తానక్కా, రాక్షసుడు పాత గుర్రానికి భయపడినాడు గాబట్టి కొట్లాటకు వచ్చినాడు. ఇది కొట్లాట తెలీని గుర్రం. దీన్ని చూసి ఎవుడొస్తాడు? శంఖం ఒక్కటే అడిగింది – గొంతిస్తా, బదులేమిస్తావ్ అని.”

హెబ్రోను చివరి అద్దాన్ని తోశాడు. పిల్ల చెయ్యి. చేతిలో దారం కొస.

“గుర్రం చెప్పింది: పాపా, నా ఒళ్లంతా ఒకే దారం. నా చెవి కింద ముడి ఉండాది, విప్పు. పిల్ల ఏడ్చింది. మీరు వలలు అల్లేవాళ్లు, మీకు నేను చెప్పాలా? కొస ముడి విప్పి లాగితే ఏమైతది?”

ముందువరసలో ఒక ఆడమనిషి వేళ్లు గాలిలో ఊరికే, ముడి విప్పినట్టుగా కదిలాయి. మస్తానమ్మ కూర్చుంది.

ఇక పదో రీలు. అది తన ఊహను నిలబెడుతుందో, నవ్వులపాలు చేస్తుందో. హెబ్రోను మిషను తిప్పాడు.

కొయ్యగుర్రం ఒడ్డున పడి ఉంది, బోడిగా. సరంగు కూతుర్ని పేరు పెట్టి పిలిచాడు. పిల్ల తిరిగి చూసింది. పిడికిలి తెరిచింది. తెర నిండా, వెలుగులో, దారం.

“చెప్పినాడు గదమ్మా! దారం!” అని మస్తానమ్మ చుట్టూ తిరిగి అందరికీ చెప్పింది, వాళ్లందరూ చూస్తూనే ఉన్నా. గుడారం గోడ మెల్లగా యథాస్థానానికి వెళ్లింది. గేటు దగ్గర ప్రమీలమ్మ కుర్చీలో వెనక్కి ఆనుకుంది.

మర్నాడు మొదటి బస్సులో అసలు తొమ్మిదో రీలు వచ్చింది. హెబ్రోను దాన్ని వేళ్ల మీదుగా నడిపించి, మధ్యలో ఆపి, ఎండకెత్తి చూశాడు. అతని ఊహ సగమే నిజమైంది. ముడి ఎవరూ విప్పలేదు. గుర్రం ఒళ్లు విదిలిస్తుంది. గవ్వలన్నీ పిట్టల్లా పైకి లేచిపోతాయి. దారం ఒక్కటే మిగులుతుంది. ఆ ముక్కను నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ తిప్పాడు. గవ్వల్ని గుర్రం మీదికి చల్లి, వెనక్కి ఆడేట్టు తీసినట్టుంది. ఎవరో మంచి పనివాడు.

“రెండింట్లో ఏది బాగుండాదన్నా?” అన్నాడు హజరత్తయ్య.

“పాత దాంట్లో గుర్రం బాగుండాది. కొత్త దాంట్లో పిల్ల బాగుండాది.”

“అంతేనా?”

“బండి వచ్చిందా?”

పాత రీలును గూడూరుకు తీసుకుపోయే బండి వచ్చింది. లోపల మెత్తగా ఉండాలని బండివాడు ఎండుగడ్డి పరిచాడు. హెబ్రోను గడ్డంతా దించేయించి, తడి ఇసుక పోయించాడు. బండివాడి నోట్లోని చుట్ట తీయించి కాలికింద నలిపించాడు. గుంట తవ్వి డబ్బాను బయటికి తీశాడు. చల్లగానే ఉంది. మూత మీది అంకెను గుడ్డతో తుడిచి, సుద్దతో పెద్దగా ‘పాతది, కాలేది’ అని రాశాడు. మూత జారకుండా తాడుతో రెండు వరసలు కట్టి, ముడి లాగి చూశాడు. హజరత్తయ్య రెండు చేతులూ చాపాడు. హెబ్రోను డబ్బాను ఆ చేతుల్లో పెట్టి, అతని పట్టు కుదిరేదాకా ఉండి, అప్పుడు వదిలాడు.